రాయి లేని సీమలో రాతి గొడ్డలి

మా కర్నూలు వైపు పొలంలో కాలు జారితే రాయి మీద పడతాం. కోనసీమలో కాలు జారితే బురదలో పడతాం. రెండు చోట్లా పడ్డాను కాబట్టి చెబుతున్నాను, బురదే నయం.

వెళ్ళొచ్చి నెల కావస్తోంది. కొబ్బరి చెట్లు బాగున్నాయా అని అడిగిన వాళ్ళందరికీ బాగున్నాయని చెప్పి ఊరుకున్నాను. నేను వెళ్ళింది చెట్ల కోసం కాదు. ఉద్యోగమంతా ఇంటర్ పిల్లలకు జంతుశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. అందులో నాకు ప్రాణమైన పాఠం మనిషి పుట్టుక, పరిణామం. ఆ పాఠం కోసం ప్లాస్టర్‌తో పోసిన నాలుగు పుర్రెలు కొనుక్కున్నాను. ఒకటి చింపాంజీది, ఒకటి ఆఫ్రికాలో రెండు కాళ్ళ మీద నడవడం మొదలుపెట్టిన పొట్టివాళ్ళది, ఒకటి నియాండర్తల్ మనిషిది, ఒకటి మనది. ఎవరైనా ఇంటికొస్తే కాఫీ కంటే ముందు అవి చూపిస్తానని మావాళ్ళు వేళాకోళం చేస్తారు.

జూన్ నెలలో రాజోలు నుంచి సుభాషిణి ఫోన్ చేసింది. కొన్నేళ్ళు మా కాలేజీలో నా దగ్గర పనిచేసి, ఇప్పుడు సొంత ఊరి దగ్గర హైస్కూల్లో సైన్సు చెబుతోంది.

"మేడంగారండి, మీ పుర్రెలు మా పిల్లలకి చూపించాలండి. ఇంకో పని కూడా ఉందండి. అదే అసలు పని."

ఆ అసలు పని ఆమె తమ్ముడు సత్తిబాబు. రొయ్యల చెరువు కౌలుకు చేస్తాడు. ఉరుములొస్తే కరెంటు పోతుంది. కరెంటు పోతే చెరువులో నీళ్ళను చిలికి గాలి ఎక్కించే ఏరియేటర్లు ఆగిపోతాయి. వాటిని జనరేటర్ మీద నడపాలంటే ఆ పిడుగుల్లోనే గట్టు పొడవునా పోవాలి.

"వద్దురా అంటే వినడండి. తాతగారి పిడుగు రాయి నడుముకి కట్టుకున్నాను, నన్నేం చెయ్యదంటాడు. పక్క చెరువు కాపలా ఆయన పోయినేడు పిడుగు పడి గట్టు మీదే పోయేడండి. ఆయన దగ్గర రాయి లేదుగా అంటాడు మావాడు. అది పిడుగు కాదని మీరొచ్చి చెప్పాలండి. నేను చెప్తే అక్క మాట, మీరు చెప్తే శాస్త్రం."

ఫొటో పంపింది. నల్లగా, జానెడు లోపు పొడవు, ఒక కొస సన్నం, రెండో కొస నున్నటి అంచు. చూడగానే తెలిసింది. పిడుగు పడినచోట ఇలాంటి రాయి పుడుతుందనీ, అది ఉన్నచోట మళ్ళీ పిడుగు పడదనీ చాలా ఊళ్ళలో నమ్మకం. నిజానికి అది ఇనుమెరగని రోజుల్లో మనిషి అరగదీసి చేసుకున్న గొడ్డలి. మా జిల్లాలో నాగలికి తగులుతుంటాయి. నిజం చెప్పేస్తే పని అయిపోతుందనుకుని, పుర్రెలను చీరల మధ్య సర్దుకుని బయల్దేరాను.

రావులపాలెం

జొన్నాడ దాటి బస్సు గోదావరి వంతెన ఎక్కగానే అందరూ కిటికీల వైపు తిరుగుతారనుకున్నాను. ఒక్కరూ తిరగలేదు. మా తుంగభద్రకు నీళ్ళొస్తే పనులు మానుకుని చూడబోతాం. ఇక్కడ అంత నదిని పక్కన పెట్టుకుని ఫోన్లు చూసుకుంటున్నారు. నాకు కొంచెం ఒళ్ళు మండింది.

వంతెన దిగాక ఒక గేదె అడ్డం వస్తే డ్రైవరు గట్టిగా బ్రేకు వేశాడు. సీటు కింద పెట్టిన నా సంచీ జిప్పు ఊడి, నియాండర్తల్ పుర్రె దొర్లుకుంటూ ముందుకు వెళ్ళిపోయింది. మా వైపైతే ఈపాటికి బస్సు ఆగి, పోలీసులు వచ్చి ఉండేవాళ్ళు. ఇక్కడ పంచె కట్టుకున్న ఒక పెద్దాయన వంగి, రెండు చేతులతో దాన్ని తీసి, కండువాతో తుడిచి, వెనక్కి తిరిగారు.

"తమరిదేనాండి?"

"నాదేనండి."

"ఆయ్. దెబ్బేం తగల్లేదండి." తెచ్చి ఒళ్ళో పెట్టారు. గొంతు తగ్గించి అడిగారు. "ఎన్నాళ్ళయిందండి పోయి?"

ఇది ప్లాస్టర్ నమూనా అనీ, అసలు మనిషి పోయి పదుల వేల ఏళ్ళయిందనీ చెప్పాను. ఆయన తల పంకించి, "అలాగాండి, పాపం" అన్నారు. అంత పాత చావుకు పరామర్శ అందుకోవడం నాకదే మొదలు. మర్యాద ఇంత దూరం వస్తుందని నేనెరగను.

కొత్తపేట

కొత్తపేటలో నా స్నేహితురాలి అక్కగారింట్లో దిగాను. ఆవిడ భర్త వేదం చదివినవారు, ఊరంతా ఘనపాఠిగారనే పిలుస్తారు. సంచీలో ఏముందో దాచడం ఇష్టం లేక గుమ్మంలోనే చెప్పేశాను.

"నిజం పుర్రెలు కాదు కదా చెల్లాయ్?"

"కాదక్కా, ప్లాస్టర్."

"అయినా అరుగు మీదే ఉండనీ తల్లీ. లోపలికి నువ్వొక్కదానివే రా."

భోజనంలో ఆవపెట్టిన పనసపొట్టు కూర. మా ఇంట్లో పనసకాయంటే పండేదాకా ఆగి తొనలు తినడమే. దాన్ని పచ్చిగా ఉండగానే పొట్టులా కొట్టి, ఇంత ఓపికగా వండుతారని ఇదివరకు వినడమే. మూడోసారి వడ్డించుకున్నాను. కారం మాత్రం మా లెక్కలో చంటిపిల్లలకు పెట్టేంత.

భోజనమయ్యాక చూస్తే ఘనపాఠిగారు అరుగు మీద నాలుగు పుర్రెలనూ వరసగా పెట్టుకుని కూర్చున్నారు. ఇల్లాలి నిషేధం గుమ్మం లోపలికే కదా. నియాండర్తల్ వైపు చూపించి అడిగారు.

"ఈయనకి మాట వచ్చునా అండి?"

ఇన్నేళ్ళలో పిల్లలు నన్ను బొచ్చు గురించి అడిగారు, తోక గురించి అడిగారు, మాట గురించి అడిగినవారు తక్కువ. గొంతులో ఉండే చిన్న ఎముక మనలాంటిదే దొరికిందనీ, మాట వచ్చనే చాలామంది అనుకుంటున్నారనీ, ఏం మాట్లాడుకున్నారో మాత్రం తెలియదనీ చెప్పాను.

"రాసి పెట్టుకోలేదు కాబట్టి పోయిందంటారా? మావాళ్ళూ రాసి పెట్టుకోలేదండి. వినేవాడు ఒక్కడున్నా నిలుస్తుంది. ఈయనకి వినేవాడు లేకపోయేడేమో." ఆ పుర్రెను కాస్త నీడలోకి జరిపి, మళ్ళీ అన్నారు. "మీరు లక్షల ఏళ్ళంటే మాకు కళ్ళు తిరగవండి. పొద్దున్నే సంకల్పంలో కల్పం, మన్వంతరం చెప్పుకునే నీళ్ళు ముట్టుకుంటాం. కాలం దగ్గర మనకి పేచీ లేదు. కోతి దగ్గరే కొంచెం పేచీ."

"కోతి మనకు తాత కాదండి, దాయాది."

"దాయాదయితే మరీ పేచీ అండి," అని నవ్వారు. నాకూ నవ్వాగలేదు. ఎదుటివారితో ఒప్పుకోకుండానే అంత హాయిగా మాట్లాడటం నాకు చేతకాదు, నేను వెంటనే గొంతు పెంచుతాను.

సత్తిబాబు రాయి సంగతి చెప్పాను. రాయిని ఎలా అరగదీస్తారో కళ్ళముందు చేసి చూపిస్తే నమ్ముతాడని నా ఆలోచన అన్నాను. ఆయన ఆలోచించి, "మరి రాయేదండి?" అన్నారు.

అప్పుడు తట్టింది. కోనసీమ అంతా గోదావరి తెచ్చి పోసిన మట్టి. ఎంత తవ్వినా మట్టి, ఇసుక, నీళ్ళు. ఆ ఇంటి సన్నికల్లు కూడా ఆయన ముత్తవ్వగారు కాపురానికి వచ్చేటప్పుడు పడవలో తెచ్చుకున్నదట. అడుగడుక్కీ రాళ్ళున్న ఊరి నుంచి నాలుగు పుర్రెలు మోసుకొచ్చాను గాని, ఒక్క రాయి తెచ్చుకోవాలని తోచలేదు. నా తెలివికి నేనే సిగ్గుపడ్డాను.

అమలాపురం

పొద్దున్నే అమలాపురం చేరి పొట్టిక్కలు తిన్నాను. పనసాకులతో బుట్టలు కుట్టి, వాటిలో ఇడ్లీ పిండి పోసి ఉడికిస్తారు. ఆకు వాసన పిండికి పడుతుంది. నానేసిన బొరుగుల ఉగ్గాని తిని బతికినదాన్ని, పొద్దున పూట ఇంత సుకుమారమైన తిండి నాకు అలవాటు లేదు. ధర మా ఊళ్ళో ఇడ్లీ కంటే కాస్త ఎక్కువే, కానీ ఆకుబుట్ట కుట్టిన చేతులను తలుచుకుంటే తక్కువే.

తర్వాత రాయి కోసం తిరిగాను. రోడ్డు పక్క కంకర పనికిరాదు, చిన్నది. చివరికి రోళ్ళు, తిరగళ్ళు అమ్మే దుకాణం కనిపించింది.

"రోలు కావాలాండి, సన్నికల్లు కావాలాండి?"

"ఏమీ వద్దు. రాయి కావాలి."

దుకాణదారు నన్ను పైకీ కిందికీ చూశాడు. "ఊరికే రాయి ఎవరూ కొనరండి. ఏం చేసుకుంటారండి?"

గొడ్డలి చేస్తానన్నాను. అరవై దాటిన ఆడమనిషి, నల్ల కళ్ళజోడు, చేతిలో బరువైన సంచీ. అతనికి అనుమానం రావడం న్యాయమే. సంచీ తెరిచి చూపించక తప్పలేదు. నియాండర్తల్ దగ్గర అతని చూపు ఆగింది. కనుబొమల మీది ఎముక దిబ్బను వేలితో తాకి చూశాడు.

"మా మావగారి పోలిక కొట్టొచ్చినట్టుందండి," అని లోపలికి కేకేశాడు. అతని భార్య వచ్చి చూసి, తన తండ్రిని అన్నందుకు అతన్ని చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేను. ఆ గొడవలోనే విరిగిన రుబ్బురోలు పొత్రం ముక్క ఒకటి, నల్లరాయిది, నా చేతిలో పెట్టి పంపేశాడు. డబ్బు తీసుకోలేదు. రాజోలు బస్సులో ఆ ముక్కను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే నాకు చెప్పలేనంత ధీమాగా ఉంది.

రాజోలు

సుభాషిణి బడిలో పిల్లలు పుర్రెలను చూసి భయపడలేదు, వరస కట్టారు. బొటనవేలికి చిటికెనవేలు ఆనించి మణికట్టు వంచమన్నాను. కొందరికి మణికట్టు మధ్యలో సన్నటి నరంలాంటిది పైకి తేలుతుంది, కొందరికి తేలదు. అది చెట్ల కొమ్మలు పట్టుకు వేలాడిన రోజుల నాటి కండరమనీ, ఇప్పుడు మనకు పెద్దగా పని లేదు కాబట్టి కొందరిలో అసలు రావడమే లేదనీ చెప్పాను. తేలనివాళ్ళు మేమే ముందున్నాం అని గొప్పలు పోయారు. తేలినవాళ్ళు మేం కొబ్బరిచెట్టెక్కగలం, మీరెక్కలేరు అన్నారు. ఆ వాదన నేను తీర్చలేదు.

ఒక పిల్ల లేచి అడిగింది. "మేడంగారండి, మొట్టమొదటి మనిషికి అమ్మ ఎవరండి? మనిషేనాండి, కోతాండి?"

ఈ ప్రశ్నకు నేను క్లాసులో బోర్డు మీద గీతలు గీసేదాన్ని. ఆ రోజు గీతలు అక్కర్లేకపోయింది. మీలో లంకల్లో ఉండేవాళ్ళెవరని అడిగాను. అయిదారు చేతులు లేచాయి. గోదావరిలో ఇసుక దిబ్బ లంక అయ్యింది ఏ రోజున, ఏ వరదకి అని అడిగాను. వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకున్నారు. ఒక వరదకి కాదండి అన్నారు. ప్రతి ఏడూ కొంచెం పేరుకుంది, గడ్డి మొలిచింది, ఎవరో దొండపాదు పెట్టారు, ఎవరో పాక వేశారు.

"మనిషీ అంతే. ప్రతి అమ్మా తనలాంటి బిడ్డనే కన్నది. మొదటి మనిషి అంటూ ఒక పొద్దున పుట్టలేదు."

"మా లంక మా తాత చిన్నప్పుడు లేదండి," అంది ఆ పిల్ల. నాకు అదెంతో నచ్చింది. మా ఊళ్ళో నేల మనిషి కంటే లెక్కలేనంత పాతది. ఇక్కడ తాత కంటే చిన్న నేల ఉంది.

చెరువు గట్టు

మర్నాడు ఆదివారం. సుభాషిణి నన్ను తమ్ముడి దగ్గరికి తీసుకెళ్ళింది. చెరువు ఈ చివర చిన్న శ్లాబు ఇల్లు, ఆ చివర కాలవ పక్కన జనరేటర్ షెడ్డు, మధ్యలో పొడుగాటి మట్టి గట్టు. గట్టు మీద చెట్టూ లేదు, గోడా లేదు. ఉరుములప్పుడు అక్కడ నడిచే మనిషే అన్నిటికంటే ఎత్తు. ఆ గట్టు మీదే నేను బురదలో పడ్డాను కూడా.

సత్తిబాబు నెమ్మదైన మనిషి. దేవుడి గూట్లోంచి రాయి తెచ్చి నా చేతిలో పెట్టాడు. వాళ్ళ తాత భద్రాచలం పైనుంచి వెదురు తెప్పలు దింపే రోజుల్లో కొండల్లో ఎవరో ఇచ్చారట. నేను అరగదీసిన జాడలు చూపించాను, అంచు మీద వాడకంలో ఎగిరిపోయిన పెచ్చులు చూపించాను, కర్రకు కట్టే చోటు చూపించాను. అన్నిటికీ "ఆయ్" అన్నాడు. ఒప్పుకుంటే ఆయ్, వింటే ఆయ్, విసిగితే ఆయ్. ఏ ఆయ్ ఏదో నాకు అంతుపట్టలేదు.

అప్పుడు పొత్రం ముక్క తీసి, సిమెంటు అరుగు మీద తడి ఇసుక పోసి రుద్దడం మొదలుపెట్టాను. సత్తిబాబు కాసేపు చూసి మేత వేయడానికి పోయాడు. నా చేతులు నొప్పి పుట్టాయి. అతని భార్య మంగ వచ్చి, "ఇటివ్వండి మేడంగారండి" అని తీసుకుంది. ఆమె రుద్దుతుంటే నేను నీళ్ళు పోశాను. మధ్యలో అన్నం వండింది, రొయ్యల వేపుడు పెట్టింది, మళ్ళీ వచ్చి రుద్దింది. మధ్యాహ్నానికి ఒక పక్క నున్నటి వాలు తేలింది. మంగ దాన్ని కడిగి, పాత రాయిని పక్కన పెట్టి, రెంటి మీదా బొటనవేలు నడిపింది.

"దీన్ని కూడా ఇలాగే చేసేరాండి?"

"ఇలాగే. చేతుల్తోనే."

"ఎన్నాళ్ళు పట్టుద్దండి?"

"చాలా రోజులు. ఓపికున్నవాళ్ళు చేసుకున్నారు."

"చేతుల్తో చేసిందయితే పైనుంచి పడలేదు కదండీ."

ఔనన్నాను. ఆమె రెండు రాళ్ళనూ తుడిచి లోపలికి తీసుకెళ్ళింది. నేను సత్తిబాబును ఒప్పించలేకపోయానే అన్న చిరాకులో ఉండి, నా ఎదుట ఏం జరిగిందో గమనించలేదు.

కాసేపటికి అందరి ఫోన్లూ ఒక్కసారి మోగాయి. పిడుగుల హెచ్చరిక. సాయంత్రం కాకుండానే మబ్బు కమ్మి, తొలి ఉరుముకే కరెంటు పోయింది. ఏరియేటర్లు ఆగిపోయాయి. పొద్దుట్నుంచీ ఆ చప్పుడు ఉందన్న సంగతి అది ఆగాకే నాకు తెలిసింది.

సత్తిబాబు టార్చిలైటు తీసుకుని మంగ ముందుకు వచ్చి, రెండు చేతులూ నడుముకు కొంచెం దూరంగా ఎత్తి నిలబడ్డాడు. ఆమె రాయిని గుడ్డలో చుట్టి కట్టడం ఉరుమొచ్చినప్పుడల్లా జరిగే పనని ఆ నిలబడటంలోనే తెలిసింది. మంగ కదల్లేదు.

"కట్టవే."

"కట్టనండి. అది ఎవరో చేసేరు. నేను చేసి చూసేను."

"ఇప్పుడదంతా ఎందుకు? లోపల రొయ్యకి ఊపిరాడదు."

"మీరు పోతే నాకు రొయ్యలెందుకండి?" ఆమె వెళ్ళి గుమ్మానికి అడ్డంగా కూర్చుంది.

అతను నా వైపు తిరిగాడు. "మీరు చెప్పండి మేడంగారు. వెళ్ళనా, మాననా?"

నాకు పాఠం చెప్పడం తెలుసు గాని, ఒక మనిషి పంటను ముంచే మాట ఎప్పుడూ చెప్పలేదు. నెలల తరబడి సాకిన రొయ్య అతనిది, నాదేమీ లేదు. వెళ్ళొద్దు అన్నాను. సుభాషిణి తల దించుకుంది. తను కోరుకున్నదే జరుగుతోంది, అయినా తమ్ముడి మొహం చూడలేకపోయింది.

సత్తిబాబు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మెరుపు వెలుగులో గట్టు తెల్లగా కనబడి మాయమవుతోంది. "ఇప్పుడు పైకి తేలుతుంటాయండి," అన్నాడు ఎవరితోనో అన్నట్టు. మరి కాసేపటికి, "ఇప్పుడు గట్టు వారకి చేరతాయండి." మంగ కళ్ళు తుడుచుకుంది గాని గుమ్మంలోంచి లేవలేదు. ఉరుములు దూరమయ్యాక కూడా, ఆఖరి ఉరుము తర్వాత అరగంట ఆగాలని నేనే అన్నాను. ఆ అరగంట అతను నిలబడే ఉన్నాడు. తర్వాత పరిగెత్తాడు. జనరేటర్ మోగింది.

పొద్దున్నే గట్టు వారన చచ్చిన రొయ్యలు తెల్లగా తేలి ఉన్నాయి. అన్నీ పోలేదు, బతికినవే ఎక్కువ. సత్తిబాబు గట్టు మొత్తం ఒకసారి నడిచి వచ్చాడు. ఎక్కడైనా మాడిన జాడ ఉందేమోనని వెతుక్కుంటున్నాడని అతను చెప్పకుండానే తెలిసింది.

"ఎక్కడా పడలేదండి," అన్నాడు.

వెళ్ళి ఉంటే ఏమీ అయ్యేది కాదు. లేదా అయ్యేది. ఆ రెండింటిలో ఏదని చెప్పే శాస్త్రం నా దగ్గర లేదు. నా వల్లే నష్టం జరిగిందని పైకే అనేశాను. వల ఆరేస్తున్న మంగ ఆగింది.

"పడలేదని అనుకోడానికి ఇంట్లో మనిషున్నాడు కదండీ. అది చాలండి నాకు."

అప్పుడు సత్తిబాబు నెమ్మదిగా చెప్పాడు. "నాకు ఆ రాయి మీద ముందునుంచీ అనుమానమేనండి. ఆవిడ పంపాలి కదండీ. అది కడితేనే పంపేది." మంగ అతని వైపు చూసింది. కోపమో ఇంకేమిటో నేను చెప్పలేను. మళ్ళీ వల అందుకుంది. జనరేటర్ మీటను ఇంటి దగ్గరికి తెచ్చుకునేందుకు వైరు ఎంత పడుతుందో కొలవడానికి ఆ పూటే ఎలక్ట్రీషియన్‌ని పిలిపించింది.

రాయికి మాత్రం పసుపూ కుంకుమా పెట్టి మళ్ళీ గూట్లోనే ఉంచింది. ఇంకా ఎందుకని నేను అడిగాను, అడగకుండా ఉండలేని స్వభావం నాది.

"పిడుగు కాకపోతే ఏమండి? ఎవరో పెద్దలు అంత ఓపిగ్గా చేసుకున్నారు. తాతలే కదండీ."

దిండి

నన్ను దిండి దాకా సత్తిబాబే మోటారు సైకిల్ మీద దింపాడు. హౌస్‌బోట్ల దగ్గర యాత్రికులు ఫొటోలు దిగుతున్నారు. వంతెన దగ్గర బస్సు కోసం నిలబడి, రోడ్డు పక్క ముసలాయన కొట్టిచ్చిన బొండాలు తాగాం. మా ఊళ్ళో అడిగే ధరలో సగం లేదు. సత్తిబాబు బొండం సగం తాగి ఆపాడు.

"ఇంట్లో కూచున్నందుకు సిగ్గేసిందండి. అక్కముందూ, మీముందూ."

నా బొండం బల్ల మీద పెట్టి అతని వైపు తిరిగాను.

"ఆ గొడ్డలి చేసినాయన, ఉరుమొస్తే ఏం చేసేవాడండి?"

"పరిగెత్తేవాడు. ఏ కొండచరియ కిందో దూరేవాడు."

"గొడ్డలి పారేసాండి?"

"పారేసే."

"గట్టిగా నిలబడ్డోడు ఒక్కడూ ఉండడాండి?"

"ఉండే ఉంటాడు సత్తిబాబూ. చాలామంది ఉండి ఉంటారు. వాళ్ళకు పిల్లలు మిగల్లేదు. మనమంతా పరిగెత్తినవాళ్ళ పిల్లలం."

ఇంత సూటిగా ఆ పాఠం నేను క్లాసులో ఎప్పుడూ చెప్పలేదు. అతను బొండాన్ని చేతిలో అటూ ఇటూ తిప్పాడు. ఆయ్ అనలేదు.

నదికి అవతల, పాలకొల్లు వైపు ఆకాశం నల్లబడి ఉంది. అటునుంచి ఒక ఉరుము, పెద్దదేమీ కాదు, దూరంగా దొర్లింది. బొండం కింద పెట్టి సత్తిబాబు పరిగెత్తాడు. వెనక్కి చూడలేదు. రోడ్డవతల శ్లాబు కొట్టు లోపలికి చేరాకే తిరిగి, చెయ్యి ఊపి పిలిచాడు.

"రండి మేడంగారండి. బాబాయ్, బొండాలు తర్వాత చూసుకోవచ్చు, మీరూ రండి. అందరూ లోపలికొచ్చేయండి."

ముసలాయన కత్తి బల్ల మీద వదిలేసి నడిచాడు. నేనూ రోడ్డు దాటి పరిగెత్తాను. లోపల అప్పటికే మా ఇద్దరికీ చోటు చేసి, సత్తిబాబు వెనక గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు.